వైఎల్: హెల్సింకి విశ్వవిద్యాలయ పురుషుల గాయక బృందం చరిత్ర – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిన్లాండ్ సంగీతం అనగానే స్వరకర్త సిబేలియస్ పేరు వస్తుంది. ఆయన గురించి కొంచెం లోతుగా చదివితే వైఎల్ అనే రెండక్షరాలు పదేపదే కనిపిస్తాయి. చదువుకుంటూ సాయంత్రాలు పాడుకునే కుర్రాళ్ళు ఒక భాషకు కచేరీ వేదిక మీద చోటు సంపాదించిపెట్టిన కథ అది. తెలుగువాళ్ళకు ఈ కథ దగ్గరగా అనిపిస్తుందని నా నమ్మకం. అందుకే ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

వైఎల్ అంటే ఏమిటి?

హెల్సింకి విశ్వవిద్యాలయంలో 1883లో మొదలైన పురుషుల క్వయర్. పూర్తి పేరు యూలియొప్పిలస్కున్నన్ లౌలయత్, అంటే 'విద్యార్థి సంఘం గాయకులు'. పేరు పొడుగు కాబట్టి అందరూ వైఎల్ అనే అంటారు. విదేశాల్లో వచ్చిన పాత రికార్డుల మీద 'హెల్సింకి యూనివర్సిటీ కోరస్' అని ఉంటుంది. రెండూ ఒకటే. ఫిన్నిష్ భాషలో పాడే క్వయర్లలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ఇదే పాతది.

అంతకుముందు ఆ విశ్వవిద్యాలయంలో క్వయర్ లేదా?

ఉంది, మంచి క్వయరే. జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చిన ఫ్రెడ్రిక్ పాసియస్ 1835లో విశ్వవిద్యాలయంలో సంగీత ఉపాధ్యాయుడిగా చేరాడు. ఆయనే 1838లో అకాడెమిస్కా సాంగ్‌ఫొరేనింగెన్ అనే విద్యార్థి గాయక సంఘాన్ని పెట్టాడు. దాన్ని ముద్దుగా అకాడెమెన్ అంటారు. అది కూడా ఇప్పటికీ పాడుతోంది. 1848 మే 13న విద్యార్థుల వసంతోత్సవంలో, హెల్సింకి శివార్లలోని ఒక మైదానంలో, రూనెబెర్గ్ రాసిన 'మన దేశం' అనే కవితను పాసియస్ కట్టిన బాణీలో పాడారు. నేటి ఫిన్లాండ్ జాతీయగీతం అదే. ఎస్టోనియా జాతీయగీతానికీ బాణీ ఇదే కావడం ఇంకో విశేషం.

అయితే ఆ రోజు పాడింది స్వీడిష్‌లో. రూనెబెర్గ్ రాసిందే స్వీడిష్‌లో. దేశభక్తికి లోటేమీ లేదు, కానీ ఆ దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాష మాత్రం ఆ పాటలో లేదు.

ఫిన్లాండ్‌లో ఉంటూ స్వీడిష్‌లో పాడటం ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోతే వైఎల్ ఎందుకు పుట్టిందో అర్థం కాదు. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

ఫిన్లాండ్ కొన్ని వందల ఏళ్ళు స్వీడన్ రాజ్యంలో భాగం. 1809లో రష్యా చక్రవర్తి చేతికి వచ్చింది. పాలకులు మారారు గానీ కార్యాలయం, కోర్టు, కాలేజీ స్వీడిష్‌లోనే నడిచాయి. ఉన్న ఒకే ఒక్క విశ్వవిద్యాలయం తుర్కు నగరంలో ఉండేది. 1827లో ఆ ఊరు తగలబడిపోయింది. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయాన్ని కొత్త రాజధాని హెల్సింకికి తరలించారు. అక్కడా పాఠాలు స్వీడిష్‌లోనే.

1880 ప్రాంతంలో దేశ జనాభాలో నూటికి 85 మంది దాకా ఫిన్నిష్ మాట్లాడేవాళ్ళే. కానీ అది పొలంలో, వంటింట్లో, చర్చిలో వినిపించే భాష. చదువుకున్నవాడు కావాలంటే భాష మార్చుకోవాలి. ఫిన్నిష్ మాధ్యమంలో మొదటి ఉన్నత పాఠశాల యువాస్క్యుల పట్నంలో 1858లో గానీ రాలేదు.

ఈ మధ్యలో సాహిత్యం ముందు నడిచింది. ఎలియాస్ లోన్‌రోట్ అనే వైద్యుడు పల్లెలు తిరిగి జానపదుల నోటి పాటలు సేకరించి 1835లో 'కలేవల' మహాకావ్యాన్నీ, 1840లో 'కన్తెలేతర్' అనే గీత సంకలనాన్నీ అచ్చు వేయించాడు. అలెక్సిస్ కివి 1870లో 'ఏడుగురు అన్నదమ్ములు' నవల ఇచ్చాడు. చదవడానికి భాష సిద్ధమైంది. నాలుగు గొంతుల్లో కచేరీలో పాడటానికి ఇంకా సిద్ధం కాలేదు.

సరిగ్గా 1883లోనే ఎందుకు?

1863 ఆగస్టు 1న రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి హామెన్లిన్న పట్నంలో ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ప్రజలకు సంబంధించిన వ్యవహారాల్లో ఫిన్నిష్‌కు స్వీడిష్‌తో సమానమైన హోదా రావాలి, అందుకు ఇరవై ఏళ్ళ గడువు అన్నది దాని సారాంశం. తత్వవేత్త, రాజనీతిజ్ఞుడు స్నెల్మన్ పట్టుదల వల్ల వచ్చిన ఉత్తర్వు ఇది. ఆ గడువు పూర్తయ్యేది 1883 చివర.

అంటే ఆ ఏడాది వైఎల్ మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఈ ఉత్తర్వు నీడలో పెరిగిన తరం. పల్లెల నుంచి, చిన్న పట్నాల నుంచి, ఫిన్నిష్ పాఠశాలల నుంచి వస్తున్నవాళ్ళ సంఖ్య ఏటేటా పెరుగుతోంది. వాళ్ళు విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టేసరికి పాడుకోవడానికి తమ భాషలో సంఘం లేదు. ఉన్న అకాడెమెన్ స్వీడిష్‌ది. దాని మీద కోపం తెచ్చుకోవడం కన్నా సొంతంగా ఒకటి పెట్టుకోవడం మంచిదనుకున్నారు. నన్నడిగితే అది చాలా తెలివైన నిర్ణయం. ఉపన్యాసం ఒక సాయంత్రంతో అయిపోతుంది. క్వయర్ అయితే వారం వారం రిహార్సల్ చేయాలి, కొత్త పాటలు వెతకాలి, రాసేవాళ్ళను అడిగి రాయించుకోవాలి.

స్థాపకుడు ఎవరు?

పెక్క యుహాని హన్నికాయినెన్. 1854లో పుట్టాడు. మొదటి రెండు మూడేళ్ళు బృందాన్ని నడిపించింది ఆయనే. స్వరకర్త, సంగీత పత్రికా సంపాదకుడు, అన్నిటికన్నా ముందు ఉపాధ్యాయుడు. తర్వాత యువాస్క్యులలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో సంగీతం బోధించాడు. అక్కడ తయారైన బడిపంతుళ్ళు ఊరూరా పిల్లలకు పాటలు నేర్పారు. హెల్సింకిలో ఒక క్వయర్ పెట్టినదానికన్నా ఇది పెద్ద పని అనుకుంటాను. కరేలియా ప్రాంతీయగీతంగా ఇప్పటికీ పాడుకునే పాటకు బాణీ ఆయనదే. కొడుకులు ఇల్మరి, తౌనో, అర్వో, వాయినో కూడా సంగీతంలో పేరు తెచ్చుకున్నారు.

తొలినాళ్ళలో ఏం పాడేవారు?

అసలు ఇబ్బంది ఇక్కడే. ఫిన్నిష్‌లో పాడాలని సంఘం పెట్టుకున్నారు, ఆ భాషలో పురుష గొంతులకు రాసిన పాటలు గుప్పెడే ఉన్నాయి. జర్మన్, స్వీడిష్ పాటలకు ఫిన్నిష్ మాటలు పెట్టి పాడుకోవాల్సి వచ్చింది. అలా చేస్తే ఏమవుతుందో అనువాద పాటలు విన్నవాళ్ళకు తెలుసు. బాణీ ఒకచోట బరువు వేస్తుంది, మాట ఇంకోచోట కోరుకుంటుంది.

ఫిన్నిష్‌లో ప్రతి మాటకూ ఊనిక మొదటి అక్షరం మీదే పడుతుంది. జర్మన్, స్వీడిష్ పాటలు చాలావరకు ముందు ఒక తేలిక అక్షరంతో మొదలై, తర్వాతి అక్షరం మీద తాళం దెబ్బ వేస్తాయి. ఆ బాణీలో ఫిన్నిష్ మాటను కూర్చోబెడితే తప్పుచోట నొక్కి పలికినట్టు ఉంటుంది. దీనికి మందు ఒక్కటే, ఆ భాషలోనే ఆలోచించి స్వరం కట్టేవాళ్ళు కావాలి. బృందం మొదలైన పదేళ్ళకు అలాంటివాడు దొరికాడు.

సిబేలియస్‌కూ వైఎల్‌కూ ఏమిటి సంబంధం?

జాన్ సిబేలియస్ 1865లో హామెన్లిన్నలో పుట్టాడు. భాషా ఉత్తర్వు మీద సంతకం జరిగిన ఊరే. ఇంట్లో స్వీడిష్ మాట్లాడేవారు. కానీ అతన్ని ఫిన్నిష్ మాధ్యమంలో నడిచే బడికి పంపారు. తర్వాత పెళ్ళి చేసుకున్న ఐనో యార్నెఫెల్ట్ కుటుంబం ఫిన్నిష్ ఉద్యమంలో ముందున్న కుటుంబం. అలా రెండో భాషగా నేర్చుకున్న ఫిన్నిష్‌ను అతను అపురూపంగా చూసుకున్నాడు.

1891 చివర్లో పోర్వో పట్నంలో లరిన్ పరస్కె అనే జానపద గాయని పాటలు విన్నాడు. చదువు రాని ఆమెకు వేల చరణాలు నోటికి వచ్చు. ఆ పాత పాటల బాణీలు చాలావరకు అయిదు దెబ్బల లయలో సాగుతాయి. ఖండగతి ఎరిగిన మనకు ఇది వింతేమీ కాదు గానీ, జర్మనీలో చదువుకున్నవాళ్ళ చెవికి అప్పట్లో కొత్త. 1892 ఏప్రిల్ 28న విశ్వవిద్యాలయ మహాసభా మందిరంలో అతని 'కుల్లెర్వో' ప్రదర్శన జరిగింది. కలేవలలోని ఒక విషాద కథను వాద్యబృందం, ఇద్దరు గాయకులు, పురుషుల బృందం కలిసి చెప్పే గంటకు పైబడిన రచన అది. అందులో కథ చెప్పే భారం పురుషుల బృందానిదే. వాళ్ళు ఎక్కువగా ఒకే స్వరంలో, పాత కథకుడు చెప్పుకుపోతున్నట్టు పాడతారు.

మరుసటి ఏడాది, 1893లో, వైఎల్ కోసం 'వెనెమత్క' రాశాడు. కలేవల నలభయ్యో గీతంలో ఆ కావ్య నాయకుడు వాయినామోయినెన్ పడవ ప్రయాణం దాని వస్తువు. నిమిషంన్నర, రెండు నిమిషాల చిన్న పాట. బాణీ కోసం మాటను వంచడం ఇందులో కనిపించదు. మాట ఎలా నడిస్తే బాణీ అలా నడుస్తుంది. అప్పటి నాయకుడు యల్మరి హాల్ ఆధ్వర్యంలో వైఎల్ దీన్ని మొదటిసారి పాడింది. 1895లో కన్తెలేతర్ నుంచి 'సారెల్ల పలా', 1898లో కివి నవలలోని లాలిపాటకు 'సుదామెని లౌలు' వచ్చాయి. ఆ లాలిపాట బిడ్డను మృత్యులోకపు తోపులోకి సాగనంపే పాట. ఇంత మెత్తగా, ఇంత దుఃఖంగా పురుషుల గొంతులకు రాసింది నేను వేరే వినలేదు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో క్వయర్ వంతు కూడా ఉందని చాలామంది మర్చిపోతారు. పాడేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు కాబట్టే అతను రాశాడు.

'రకస్తవ' పోటీలో ఓడిపోయిందట, నిజమేనా?

నిజమే. 1894లో వైఎల్ కొత్త పాటల కోసం పోటీ పెట్టింది. సిబేలియస్ కన్తెలేతర్‌లోని ప్రేమ గీతాలు తీసుకుని 'రకస్తవ', అంటే 'ప్రేమికుడు', పంపాడు. మొదటి బహుమతి ఎమిల్ గెనెట్స్ రాసిన 'హక్కపెలీత్త' అనే వీరగీతానికి దక్కింది. సిబేలియస్‌కు రెండో బహుమతి.

న్యాయనిర్ణేతలను తప్పుపట్టడం ఇవాళ తేలిక. అప్పట్లో పురుషుల క్వయర్ అంటే ఛాతీ విరుచుకుని పాడే పాటే కదా. రకస్తవలో తన ప్రియురాలు ఎక్కడుందోనని ఒకడు లోలోపల వెతుక్కుంటాడు. స్వరాల కలయికలు వాళ్ళకు అలవాటు లేనివి, పాడటం కూడా కష్టం. అదే ఏడాది ఏప్రిల్‌లో వైఎల్ దాన్ని మొదటిసారి పాడినప్పుడు గొంతులకు ఆసరాగా తంత్రీవాద్యాలు కూడా పెట్టుకున్నారు. సిబేలియస్ ఆ రచనను వదల్లేదు. 1898లో స్త్రీ పురుషుల మిశ్రమ క్వయర్‌కు మార్చాడు. 1912 నాటికి మాటలు లేకుండా తంత్రీవాద్యాలకు మళ్ళీ రాశాడు. ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసింది ఆ చివరి రూపం. కానీ మొదట పుట్టింది విద్యార్థుల గొంతుల కోసం.

ఫిన్నిష్ పాడటంలో కష్టం ఏమిటి?

తెలుగు తెలిసినవాళ్ళకు దీన్ని వివరించడం సులువు. ఫిన్నిష్‌లోనూ హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం అర్థాన్ని మార్చేస్తాయి. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే సుంకం. మనకు పలక వేరు, పాలక వేరు, పల్లకి ఇంకా వేరు అయినట్టే. హ్రస్వాక్షరాన్ని బాణీ కోసం సాగదీస్తే వినేవాడికి మాట మారిపోతుంది. మాటలు చాలావరకు అచ్చుతో అంతమవుతాయి కాబట్టి స్వరం నిలపడం హాయిగానే ఉంటుంది. ద్విత్వాల దగ్గర మాత్రం డజన్ల కొద్దీ గొంతులు ఒకే క్షణంలో ఆగి ఒకే క్షణంలో విడవాలి. వైఎల్ మంచి రికార్డింగ్ వింటున్నప్పుడు ఆ ఆగడం గమనించండి.

నాలుగు గొంతులంటే ఎలా? అందరూ మగవాళ్ళే కదా?

మగ గొంతులనే నాలుగుగా విడగొడతారు. పైన మొదటి టెనర్, దాని కింద రెండో టెనర్, తర్వాత బారిటోన్, అడుగున బాస్. ప్రధాన బాణీ సాధారణంగా మొదటి టెనర్‌కు దక్కుతుంది. బాస్ నేల లాంటివాడు, అతని శ్రుతి జారితే మిగిలిన ముగ్గురూ జారతారు. మధ్యలో ఉన్న రెండు గొంతులు విడిగా వింటే ఏమీ అనిపించదు, తీసేస్తే పాట బోలుగా అయిపోతుంది.

స్త్రీ గొంతులు లేనందువల్ల నాలుగు స్వరాలూ ఇరుకైన పరిధిలో దగ్గర దగ్గరగా ఉంటాయి. కొంచెం తేడా వచ్చినా దాచుకోవడానికి చోటుండదు. శ్రుతి కుదిరినప్పుడు మాత్రం ఎవరూ పాడని పై స్వరాలు కూడా గాలిలో వినిపిస్తాయి. తోడుగా వాద్యం లేకుండా పాడటం ఈ సంప్రదాయంలో ఎక్కువ. నాయకుడు మొదట స్వరం అందిస్తాడు, అంతే.

మన దగ్గర ఇలాంటి అనుభవం ఉన్నది ఎక్కువగా చర్చి క్వయర్లలో పాడినవాళ్ళకే. ఆంధ్ర, తెలంగాణ చర్చిల్లో క్రిస్మస్ ముందు సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అంటూ వారాల తరబడి ప్రాక్టీసు చేస్తారు. రేడియోలో మనం విన్న బృందగానాలు చాలావరకు అందరూ ఒకే స్వరం పాడేవి. వాటి అందం వేరు.

మగవాళ్ళకే పరిమితం ఎందుకు?

1883లో విశ్వవిద్యాలయంలో ఉన్నది దాదాపు మగవాళ్ళే. మొదటి విద్యార్థిని 1870లోనే చేరినా, 1901 వరకు ప్రతి అమ్మాయీ ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. దీనికి తోడు యూరప్ అంతటా విద్యార్థి గానం అంటే పురుష గానమే అన్న అలవాటు ఉండేది. బెర్లిన్‌లో జెల్టర్ 1809లో పెట్టిన గాయక మండలి లాంటివి ఆ అలవాటుకు మూలం. స్వీడన్‌లోని ఉప్సాల విశ్వవిద్యాలయం మీదుగా అది ఫిన్లాండ్ చేరింది.

కాలం మారాక కొందరు దారి మార్చుకున్నారు. వైఎల్‌ను నడిపిన హేక్కి క్లెమెత్తి 1900లో సువోమెన్ లౌలు అనే వేరే బృందాన్ని పెట్టాడు. అది కూడా మొదట పురుషులదే. 1907లో ఆడవాళ్ళను చేర్చుకుని మిశ్రమ క్వయర్ అయింది. వైఎల్ మాత్రం పురుషుల క్వయర్‌గానే ఉండిపోయింది. దాని కోసం రాసిన పాటలన్నీ ఆ నాలుగు గొంతుల అమరికకే రాసినవి కాబట్టి ఆ ఎంపికను నేను అర్థం చేసుకోగలను. విశ్వవిద్యాలయ పరిసరాల్లో మహిళల క్వయర్లు, మిశ్రమ క్వయర్లు తర్వాత చాలానే వచ్చాయి.

రష్యా పాలన మీద పోరాటంలో వీళ్ళ పాత్ర ఉందా?

నేరుగా ఆయుధం పట్టిన పాత్ర కాదు. కానీ పాటకు ఆ రోజుల్లో ఉన్న బరువు వేరు.

1899 ఫిబ్రవరిలో రెండవ నికోలస్ చక్రవర్తి ఫిన్లాండ్ స్వయంప్రతిపత్తిని తగ్గిస్తూ ప్రకటన చేశాడు. రెండు వారాల లోపే దేశమంతటా తిరిగి 5 లక్షలకు పైగా సంతకాలతో మహజరు తయారుచేశారు. మంచులో స్కీల మీద ఊరూరా వెళ్ళి సంతకాలు పోగుచేసిన వాళ్ళలో విద్యార్థులు పెద్దసంఖ్యలో ఉన్నారు. 500 మంది ప్రతినిధులు సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళితే చక్రవర్తి వాళ్ళను చూడటానికే ఒప్పుకోలేదు. పత్రికల మీద సెన్సార్ ఉంది. పాత కావ్యంలోని పడవ పాటను నిషేధించడం మాత్రం ఏ అధికారికైనా కష్టమే. విన్నవాళ్ళకు ఏం వినాలో తెలుసు. 1904లో సిబేలియస్ యుహాని ఆహో మాటలకు 'పరాయి నేలల్లోని నా సోదరులు' అనే పురుష బృందగీతం రాశాడు. దేశం నుంచి వెళ్ళగొట్టిన వాళ్ళ గురించి అది.

తర్వాతి అధ్యాయం ఇంత సాఫీగా లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చాలామంది యువకులు, వాళ్ళలో విద్యార్థులు ఎక్కువ, రహస్యంగా జర్మనీ వెళ్ళి సైనిక శిక్షణ తీసుకున్నారు. వాళ్ళలో ఒకడైన హేక్కి నుర్మియో రాసిన పాటకు సిబేలియస్ 1917లో బాణీ కట్టాడు. 'యేగర్ మార్చ్' అనే ఆ పాటను 1918 జనవరి 19న హెల్సింకిలో మొదటిసారి బహిరంగంగా పాడింది వైఎల్ కాదు, స్వీడిష్ బృందమైన అకాడెమెన్. మాటలు ఫిన్నిష్‌లోనే ఉన్నాయి. భాషల పోటీ ఎంత ఉన్నా ఆ ఘడియలో రెండు వర్గాల చదువుకున్నవాళ్ళూ ఒకవైపే ఉన్నారు. అప్పటికి స్వాతంత్ర్యం ప్రకటించి ఆరు వారాలు. ఇంకో వారం రోజుల్లో అంతర్యుద్ధం మొదలైంది. విశ్వవిద్యాలయం దాదాపు మొత్తం ప్రభుత్వ పక్షమైన తెల్లసేన వైపు, కార్మికులు సోషలిస్టు పక్షమైన ఎర్రసేన వైపు. కార్మిక సంఘాలకూ సొంత క్వయర్లు ఉండేవి. దేశమంతా ఒకే గొంతుతో పాడిందని రాసే చరిత్రలు ఈ చీలికను కప్పేస్తాయి. అలా కప్పడం నాకు నచ్చదు.

'ఫిన్లాండియా' పాట వైఎల్ కోసం రాసిందేనా?

కాదు, ఇది బాగా వ్యాపించిన అపోహ. 'ఫిన్లాండియా' మొదట మాటలు లేని వాద్యసంగీతం. 1899 నవంబర్‌లో పత్రికల స్వేచ్ఛకు మద్దతుగా జరిపిన ఉత్సవంలో చారిత్రక దృశ్యాలకు రాసిన సంగీతంలో చివరి భాగం. దాని మధ్యలో వచ్చే నెమ్మది బాణీ జనానికి పట్టుకుంది. 1937లో ఓపెరా గాయకుడు వాయినో సోల దానికి మాటలు రాశాడు. మరుసటి ఏడాది సిబేలియస్ స్వయంగా పురుషుల గొంతులకు అమర్చాడు. ఇప్పుడు అందరూ పాడే మాటలు కవి కోస్కెన్నియెమి 1940లో, సోవియట్ యూనియన్‌తో చలికాలపు యుద్ధం జరిగిన సమయంలో ఇచ్చినవి. వైఎల్ పాడగా విన్నవాళ్ళు దాన్ని వాళ్ళ పాటే అనుకుంటే అందులో ఆశ్చర్యం లేదు. కొందరు దీన్నే జాతీయగీతం అనుకుంటారు, అదీ కాదు. జాతీయగీతం పాసియస్‌దే.

వైఎల్, అకాడెమెన్ శత్రువులా?

పోటీదారులు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో విద్యార్థుల మధ్య భాషా వైరం గట్టిగానే ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత రెండు భాషలకూ జాతీయ భాషల హోదా వచ్చినా విశ్వవిద్యాలయంలో గొడవ ఆగలేదు. 1937 చట్టంతో ఫిన్నిష్ ప్రధాన బోధనా భాష అయింది, స్వీడిష్‌కు కొన్ని ఆచార్య పదవులు హామీగా దక్కాయి. అంటే ఫిన్నిష్‌లో పాడే క్వయర్ పుట్టిన యాభై ఏళ్ళ తర్వాత గానీ ఆ విశ్వవిద్యాలయం పూర్తిగా ఫిన్నిష్ వైపు తిరగలేదు. పాట పాఠం కన్నా అంత ముందు నడిచింది.

ఇప్పుడా వైరం లేదు. సిబేలియస్ ఇద్దరికీ రాశాడు, ఇద్దరూ అతన్ని పాడతారు.

బృందాన్ని ఎవరెవరు నడిపారు?

హన్నికాయినెన్, యల్మరి హాల్, క్లెమెత్తి పేర్లు పైన వచ్చాయి. 1902 నుంచి 1904 వరకు పియానో రచనలకు పేరుపొందిన సెలిమ్ పాల్మ్‌గ్రెన్ నడిపాడు. మార్త్తి తురునెన్ కాలంలో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, బృందం అమెరికా వెళ్ళింది. మిన్నెసోటా, మిచిగన్ గనుల్లోకీ అడవుల్లోకీ పనికోసం వెళ్ళి స్థిరపడ్డ ఫిన్నిష్ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. తర్వాత ఎన్స్తి పోహ్యోల, 1980 నుంచి 2010 వరకు ముప్ఫై ఏళ్ళు మత్తి హ్యోక్కి, 2010 నుంచి పాసి హ్యోక్కి.

మత్తి హ్యోక్కి కాలాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. సిబేలియస్ రాసిన పురుష గీతాలను శ్రద్ధగా రికార్డు చేసి ప్రపంచానికి అందించింది ఆ కాలమే. అదే సమయంలో బతికున్న స్వరకర్తల చేత కొత్త రచనలు రాయించడమూ ఆగలేదు. పాత పాటలతోనే బతికే క్వయర్లు చాలా ఉన్నాయి, వైఎల్ ఆ దారి పట్టలేదు.

పాడేవాళ్ళకు జీతం ఉంటుందా?

లేదు. నాయకుడు వృత్తి సంగీతకారుడు. పాడేవాళ్ళు విద్యార్థులు, చదువు ముగించి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు. గొంతు పరీక్ష పెట్టి తీసుకుంటారు. డాక్టరో, లాయరో, ఇంజినీరో పగలంతా తన పని చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కు వస్తాడు. అలాంటి బృందం లాస్ ఏంజలెస్ ఫిల్హార్మోనిక్ లాంటి వృత్తి వాద్యబృందాలతో కలిసి రికార్డు చేసే స్థాయిలో ఉంది. ఇదంతా నూటనలభై ఏళ్ళుగా ఒక తరం తర్వాతి తరాన్ని పక్కన నిలబెట్టుకుని నేర్పడం వల్ల వచ్చింది. కొత్తగా చేరిన టెనర్ పక్కన పదేళ్ళ అనుభవమున్న టెనర్ నిలబడతాడు, సగం పాఠం అక్కడే అయిపోతుంది.

మేం హెల్సింకిలోనో ఎస్పోలోనో ఉంటున్నాం. ఎప్పుడు వినొచ్చు?

చదువులకూ ఐటీ ఉద్యోగాలకూ అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళు అడిగే ప్రశ్న ఇది. టికెట్ లేకుండా వినాలంటే మే 1 ఉదయం ఉల్లన్‌లిన్న గుట్ట ఎక్కండి. తెల్లటి విద్యార్థి టోపీలు పెట్టుకుని జనం పచ్చిక మీద దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. వైఎల్ అక్కడ వసంత గీతాలు పాడుతుంది. ఉదయం 9 గంటల ప్రాంతంలో మొదలవుతుంది, కొంచెం ముందే వెళితే దగ్గరగా నిలబడొచ్చు. చలి ఉంటుంది, కోటు మర్చిపోవద్దు. క్రిస్మస్ ముందు జరిగే కచేరీలకు టికెట్ కొనాలి. అవి త్వరగా అమ్ముడవుతాయి.

ఊరు కదలకుండా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

'వెనెమత్క'తో. రెండు నిమిషాల పాట కాబట్టి రెండు మూడుసార్లు వరసగా వినండి. మొదటిసారి పై గొంతును, రెండోసారి బాస్‌ను మాత్రమే పట్టుకుని వినండి. తర్వాత 'సుదామెని లౌలు'. దాని తర్వాత 'రకస్తవ' పురుషుల గొంతుల రూపం, ఆ వెంటనే అదే రచన తంత్రీవాద్యాల రూపం వింటే ఒక రచన ఎలా ఎదిగిందో తెలుస్తుంది.

'కుల్లెర్వో'కు ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించాలి. ఓస్మో వాన్స్కా నాయకత్వంలో మిన్నెసోటా ఆర్కెస్ట్రాతో వైఎల్ 2016లో కచేరీలో పాడినది రికార్డుగా దొరుకుతుంది. ఎసా-పెక్క సలోనెన్ నాయకత్వంలో లాస్ ఏంజలెస్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన పాత రికార్డు ఇంకొంచెం వేగంగా ఉంటుంది. నాకు మిన్నెసోటా రికార్డు ఎక్కువ ఇష్టం, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. మూడో భాగంలో పురుషుల బృందం కథ అందుకునే చోట భాష తెలియకపోయినా మాటల నడక వినండి. అనువాదం ముందు చదవకండి, ఒకసారి విన్నాకే చదవండి.